బరువు గురించి చెప్పేటప్పుడు

వేదికపై ఉన్న పెద్దలకు, తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలకు, ఏ.ఎన్.ఎం.లకు నమస్కారం.

ఊబకాయం గురించి మనం గోడల మీదా కరపత్రాల్లోనూ రాసే వాక్యాలు మనుషులను ఆస్పత్రి దాకా రప్పిస్తున్నాయా, గడప దగ్గరే ఆపేస్తున్నాయా? చాలాసార్లు ఆపేస్తున్నాయనే నా అభిప్రాయం. తల కనిపించకుండా పొట్ట ఒక్కటే చూపించే ఫొటో, పక్కన ఏనుగు బొమ్మ, కింద “నోరు కట్టుకోండి” అన్న ఆజ్ఞ చూసినవారికి అవమానం తప్ప ఏం అందుతుంది?

పైగా ఆ బొమ్మ తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఆసియా జనాభాలో చాలామందికి బి.ఎం.ఐ. (ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) అధిక బరువుకు మామూలుగా గీత గీసే 25కు చేరకముందే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు మొదలవుతుందని గుర్తించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో 23ను జాగ్రత్తపడవలసిన స్థాయిగా సూచించారు. 150 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 52 కిలోలుంటే ఆ స్థాయి దాటినట్టే. ఆమెను చూసి లావు అని ఎవరూ అనరు. ఏనుగు బొమ్మ చూసి ఆమె కూడా “ఇది నాకు కాదులే” అనుకుంటుంది. దానికి బదులు నడుము కొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే షుగరు, బి.పి. చూపించుకోమని రాస్తే అందరికీ పనికొస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో మూడోవంతుకు పైగా బి.ఎం.ఐ. 25 లేదా అంతకు మించి ఉంది. ఇంతమందిని తిండిపోతులని, సోమరులని అనగలమా? వంశం, కాన్పులు, నిద్రలేమి, స్టెరాయిడ్ల వంటి మందులు, రోజంతా కూర్చుని చేసే పని, అన్నీ బరువు మీద ప్రభావం చూపుతాయి. మోకాళ్ళ నొప్పితో వచ్చిన ఆమెకు అలిపిరి మెట్లెక్కమని సలహా ఇవ్వడం ఎంత కఠినమో ఆలోచించండి.

ఇక తూకం దగ్గరి సంగతి. పుస్తకం రాసే అమ్మాయికి వినబడాలని “ఎనభై రెండు!” అని గట్టిగా చెబుతాం. వరుసలో ఉన్న ఇరుగుపొరుగంతా వింటారు. ఆ ఇల్లాలు వచ్చే నెల బి.పి. చూపించుకోవడానికి రావడం మానేస్తే తప్పు ఆమెది కాదు. అంకెను మౌనంగా రాసుకుని, పక్కకు పిలిచి, “అమ్మా, మీ బరువు గురించి మాట్లాడవచ్చునా?” అని అడిగి, ఆమె సరేనన్నాకే చెప్పండి; వద్దంటే బి.పి. చూసి పంపండి.

కొత్త పోస్టరు ముద్రణకు పంపేముందు మీ ఊరి డ్వాక్రా సంఘంలో, వేర్వేరు ఒడ్డూపొడుగుల ఆడవాళ్ళ చేత చదివించండి. ఏ వాక్యం దగ్గర వాళ్ళ ముఖం మారితే ఆ వాక్యం కొట్టేసి, మళ్ళీ రాయండి.