నడివయసులో రాత్రి మూడింటికి వేసే లెక్కలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈరోజు ముఖ్యంగా 40 దాటిన అన్నలతో, అక్కలతో మాట్లాడాలని కూర్చున్నాను. మిగతావాళ్లు వెళ్లిపోవద్దు, ఆ వయసు మీకూ వస్తుంది.

నాకిప్పుడు 47 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఒక అలవాటు పట్టుకుంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. ఇల్లంతా నిద్రలో ఉంటే నేను చీకట్లో లెక్కలు వేసుకునేవాణ్ని. నాతో చదివినవాళ్లు ఎక్కడున్నారు, నేనెక్కడున్నాను? ఆ అవకాశాన్ని అప్పుడే పట్టుకుని ఉంటే? ఇంకెన్నేళ్లు మిగిలాయి? నిజానికి పెద్ద కష్టమేమీ లేదు. ఉద్యోగం ఉంది, కుటుంబం ఉంది, ఆదివారం సంఘంలో అందరితో కలిసి పాటలు పాడుతూనే ఉన్నాను. లోపల మాత్రం ‘ఇంతేనా?’ అన్న మాట తిరుగుతూ ఉండేది. ఎవరికైనా చెబితే ‘నీకేం తక్కువ?’ అంటారని సిగ్గు.

దేవునికి దూరమైపోయాను కాబట్టే ఇలా ఉందని నన్ను నేను చాలా తిట్టుకున్నాను. ఇది నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. మిడ్‌లైఫ్ క్రైసిస్, అంటే నడివయసులో మనసుకు వచ్చే కలవరం, అనే మాట ఎలియట్ జాక్స్ అనే మానసిక విశ్లేషకుడు 1965లో రాసిన వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. 2008లో బ్లాంచ్‌ఫ్లవర్, ఆస్వాల్డ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చాలా దేశాల సర్వేలు పరిశీలించి, మనిషి తృప్తి వయసుతో పాటు తగ్గుతూ వచ్చి, నలభైల్లో ఎక్కడో అడుగు తాకి, మళ్లీ పెరుగుతుందని రాశారు. దీని మీద వాదనలు ఉన్నాయి, అందరికీ ఇలాగే జరుగుతుందనీ కాదు. కానీ అది చదివాక నాకు కాస్త ఊపిరాడింది. ఈ దారిలో ఒక పల్లం ఉంది, నేను అందులో నడుస్తున్నాను, అంతే.

అప్పుడు యోహాను సువార్త 21వ అధ్యాయం మళ్లీ చదివాను. యేసు ప్రభువు తిరిగి లేచాక పేతురుకు తన గొర్రెలను అప్పగించారు. అతను ఎలాంటి మరణం పొందుతాడో కూడా సూచించారు. అంత పెద్ద మాట విన్న పేతురు ఏం చేశాడు? వెనక్కి తిరిగి, వెంట వస్తున్న ఇంకో శిష్యుణ్ని చూసి, మరి ఇతని సంగతేమిటని అడిగాడు. ప్రభువు జవాబు, ‘అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము.’ నా రాత్రి మూడింటి లెక్కలన్నీ కలిపితే పేతురు అడిగిన ఆ ఒక్క ప్రశ్నే. ఇతని సంగతేమిటి? ఆమె సంగతేమిటి? ఆయన నాకు అప్పగించిన పని మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఆ రోజుల్లోనే సర్దుతుంటే నా పాత ప్రార్థన డైరీ ఒకటి దొరికింది. అందులో 29వ ఏట రాసుకున్న మాట: ‘ప్రభువా, ఒక్క బిడ్డనివ్వు, ఇంకేమీ అడగను.’ ఆ బిడ్డకు ఇప్పుడు 17 ఏళ్లు. గది తలుపేసుకుని నాతో సరిగ్గా మాట్లాడటం లేదని నేను సణుక్కుంటున్నది ఆ బిడ్డ గురించే! లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే, కృతజ్ఞత చెప్పడానికి తిరిగి వచ్చినవాడు ఒక్కడే. మిగతా తొమ్మిదిమందిని చెడ్డవాళ్లని ఎప్పుడూ అనుకునేవాణ్ని. బహుశా వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆరోగ్యం వచ్చింది, బతుకులో పడిపోయారు. నేనూ అలాగే పడిపోయాను.

అదే డైరీలో ఇంకో పేజీ ఉంది. నాన్న బతకాలని రాసుకున్నాను. నాన్న బతకలేదు. ఆ పేజీ దగ్గర నా నోట స్తుతి రాలేదు, రప్పించుకోవాలని కూడా చూడలేదు. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాట ‘ప్రతి విషయమునందును’ కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి అని. ప్రతి విషయానికీ అనలేదు, ప్రతి విషయంలోనూ అన్నాడు. నాన్న పోయినందుకు థాంక్స్ చెప్పమని దేవుడు నన్ను అడగడం లేదు. ఆ దుఃఖంలో కూడా నేను ఎవరి చెయ్యి పట్టుకుని ఉన్నానో మరిచిపోవద్దంటున్నాడు. బాధలో ఉన్నవాళ్లతో ‘కృతజ్ఞతగా ఉండు’ అని తేలిగ్గా అనేసేవాళ్లు ఈ తేడా గమనించాలి. అలాగే, నెలల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనే అనిపించకపోయినా, దయచేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది విశ్వాసం తక్కువైనట్టు కాదు. ఏలీయా ప్రవక్త తాను చనిపోతే బాగుండునని అడిగినప్పుడు దేవుడు మొదట గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో ఆహారం పెట్టించాడు.

ఇప్పుడు నేను చేస్తున్నది చిన్న పని. పడుకునే ముందు, ఆ రోజు కృతజ్ఞత చెప్పాల్సిన మూడు విషయాలు రాస్తాను. ఎమన్స్, మెక్‌కలో అనే మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో కొందరితో పది వారాల పాటు ఇలాంటివి రాయించారు. కష్టాలు రాసినవాళ్ల కంటే వీళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా భావించారు. నేను ఒక్కటి కలుపుతాను. ప్రతి వాక్యాన్నీ ‘ప్రభువా’ అని మొదలుపెడతాను. అప్పుడది జాబితాలా కాదు, మాటలా అవుతుంది. మొదటి రెండు వారాలు ఏమీ అనిపించలేదు. పౌలు కూడా చెరసాలలో నుంచి ఫిలిప్పీయులకు రాస్తూ సంతృప్తిని ‘నేర్చుకొని యున్నాను’ అన్నాడు. నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది.

రాత్రి మూడింటికి ఇప్పటికీ అప్పుడప్పుడు మెలకువ వస్తుంది. మొన్న అలాగే లేచి కూర్చుంటే, మా అమ్మాయి గది తలుపు తెరుచుకుంది. ‘నాన్నా, నిద్ర పట్టలేదా?’ అని అడిగి పక్కన కూర్చుంది. మరుసటి రాత్రి డైరీలో మొదట రాసుకున్నది అదే.