మైనస్ నలభైలో మిగిలేదెంత?

అందరికీ నమస్కారం. ఎక్సెల్‌లో మాడ్ ఫంక్షన్ గురించి మాట్లాడమన్నారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే అది భాగహారంలో శేషం ఇస్తుంది. సెల్‌లో =మాడ్(17,5) అని కొడితే 2 వస్తుంది. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఎం ఓ డి అని కొట్టాలి సుమా! భాజకం సున్నా అయితే ఎర్రర్. ఇదంతా చిన్న తరగతుల లెక్కే, దీనికోసం మీరు ఆదివారం పూట నిద్ర మానుకుని రానక్కర్లేదు.

తిరిగి తిరిగి మొదటికొచ్చే వాటి దగ్గర దీని పనితనం తెలుస్తుంది. మన తెలుగు సంవత్సరాలే తీసుకోండి. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై. 1987 ఉగాదికి ప్రభవ వచ్చింది. ఏ2 సెల్‌లో సంవత్సరం వేసి, పక్క సెల్‌లో =మాడ్(ఏ2-1987,60)+1 అని రాయండి. 2025 వేస్తే 39 వస్తుంది. జాబితాలో 39వది విశ్వావసు. ఆ ఒకటి ఎందుకు కలిపామంటే, శేషం 0 నుంచి 59 దాకానే వస్తుంది. మన జాబితాలో సున్నావ సంవత్సరం లేదు కదా!

నేను మొదట్లో ఇదే లెక్కను వీబీఏ మాక్రోలో, అంటే ఎక్సెల్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. మా నాన్నగారు 1947 ఆగస్టులో పుట్టారు. అది వేస్తే మైనస్ 39 వచ్చింది. "అయితే మీ నాన్న ఇంకా పుట్టలేదన్నమాట" అంది మా అమ్మ.

తప్పు ఎక్కడుందో పట్టుకోడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. వీబీఏలో శేషం గుర్తు విభాజ్యాన్ని బట్టి వస్తుంది. అక్కడ మైనస్ 40ని 60తో భాగిస్తే మిగిలేది మైనస్ 40. షీట్‌లోని మాడ్ అలా కాదు, భాజకం గుర్తునే తీసుకుంటుంది. మైనస్ 40 బై 60 అంటే సుమారు మైనస్ 0.67. దాన్ని కిందికి దించి మైనస్ 1 చేస్తుంది. దాన్ని 60తో గుణించి, మైనస్ 40లోంచి తీసేస్తే 20. ఒకటి కలిపితే 21, సర్వజిత్తు. పంచాంగం లెక్కా అదే. ఒకే ఎక్సెల్‌లో రెండు రకాల శేషాలేమిటని నాకు ఇప్పటికీ చిరాకే.

నైట్ డ్యూటీ గంటలకూ ఇదే కిటుకు. రాత్రి 10కి ఎక్కి పొద్దున 6కి దిగారనుకోండి. దిగిన టైంలోంచి ఎక్కిన టైం తీసేస్తే మైనస్ వస్తుంది, సెల్ నిండా హాష్ గుర్తులు కనబడతాయి. ఆ తీసివేతను మాడ్‌లో పెట్టి, భాజకంగా 1 ఇవ్వండి. ఎక్సెల్‌కు రోజంటే 1 కాబట్టి ఎనిమిది గంటలు చక్కగా వస్తుంది.

ఇక మీ మీ సంవత్సరాలు వేసి చూసుకోండి. ఉగాదికి ముందు పుట్టినవాళ్లు ఒకటి తగ్గించి వేయాలి. 1987 జనవరిలో పుట్టినవాళ్లు 1986 వేస్తే 60 వస్తుంది. అంటే మీది ప్రభవ కాదండీ, అక్షయ.