చీటీలో వచ్చిన రాశి: ఆఫీసులో పంచాంగం ఆడించడం ఎలా

అందరికీ నమస్కారం.

ఉగాది పొద్దున టీవీలో పంచాంగ శ్రవణం వస్తుంటే, జాతకాలు నమ్మనివాళ్ళు కూడా తమ రాశి వచ్చేదాకా ఛానెల్ మార్చరు. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, అవమానం ఆరా ఏడా అని ఒక చెవి అటే ఉంటుంది. ఆ కుతూహలంతో ఆఫీసులో నలభై అయిదు నిమిషాల ఆట ఎలా ఆడించాలో చెప్పుకుందాం. జ్యోతిషం నిజమా కాదా అన్న తగువు ఇక్కడ పెట్టుకోం. ఆటకు దాంతో పనిలేదు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఎవరినీ పుట్టినరోజు అడగకండి, నక్షత్రం అసలే అడగకండి. ఇలాంటి ఆటలు చెడేది ఎక్కువగా ఇక్కడే. నెట్‌లో దొరికే ఆటలన్నీ పుట్టిన తేదీతో సూర్యరాశి లెక్కగడతాయి. మన ఇళ్ళలో రాశి అంటే జన్మనక్షత్రాన్ని బట్టి, అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న చోటుని బట్టి. ఇంగ్లీషు పేపర్లో మేషమైన మనిషి అమ్మ లెక్కలో వృశ్చికం కావచ్చు. ఏది అసలుదో తేలేలోపు సగం సమయం పోతుంది. అంతకంటే ముఖ్యం, నక్షత్రం అడిగిన నోరు గోత్రం దగ్గర ఆగదు, గోత్రం తర్వాత కులం, ఆ తర్వాత "ఇంకా పెళ్ళి కాలేదా?" నక్షత్రమన్నదే లేని సహోద్యోగులూ ఉంటారు. వాళ్ళు ఒక మూల కూర్చుని చప్పట్లు కొడుతుంటే అది జట్టుని కలిపే ఆట కాదు.

అందుకని రాశి పుట్టుకతో కాదు, చీటీతో రావాలి.

ఇరవై నాలుగు మందికి లెక్క చూడండి. పన్నెండు రాశులు, రాశికి రెండు చీటీలు. తీశాక జట్లు రాశ్యధిపతిని బట్టి కట్టండి: మేష వృశ్చికాలు కుజుడివి, వృషభ తులలు శుక్రుడివి, మిథున కన్యలు బుధుడివి, ధనుస్సు మీనాలు గురుడివి, మకర కుంభాలు శనివి. మిగిలిన కర్కాటకం చంద్రుడిది, సింహం రవిది. ఆ రెండిటినీ ఒక జట్టు చేస్తే నలుగురేసి ఆరు జట్లు చక్కగా కుదురుతాయి. ముప్ఫై ఆరు మందైతే రాశికి మూడు చీటీలు, ఆరుగురేసి ఆరు జట్లు. టెస్టింగ్‌లో పనిచేసే అమ్మాయి, అకౌంట్స్ అన్న, కొత్తగా చేరిన కుర్రాడు ఒక బల్ల దగ్గరికి వచ్చేది ఇలాగే. ఎవరి జట్టు వాళ్ళని ఎంచుకోమంటే, రోజూ కలిసి భోంచేసేవాళ్ళే మళ్ళీ కలిసి కూర్చుంటారు.

అధిపతి లెక్కే ఎందుకంటే, పంచాంగంలో ఆదాయవ్యయాలు అధిపతిని బట్టే వస్తాయి. విశ్వావసు సంవత్సరంలో, అంటే 2025 ఉగాది నుంచి, మేష వృశ్చికాలు రెండిటికీ ఆదాయం 2, వ్యయం 14. మిథున కన్యలకు అదే తిరగబడి 14, 2. కాబట్టి జట్టంతటికీ ఒకే ఆదాయం, ఒకే వ్యయం. సింహ కర్కాటకాల జట్టు ఒక్కటే రెండు లెక్కలు చదువుకోవాలి. రాజపూజ్యం, అవమానం మాత్రం రాశికో రకం. ఆ ఏటి పంచాంగం ఒకటే కొనండి. రెండు తెస్తే అంకెలు కలవక అదో రభస.

ఇక జట్టు చేయాల్సిన పని: ఆ అంకెల్ని ఆఫీసు సంగతులతో నింపి, పంచాంగం భాషలో ఫలం రాయడం. ఇరవై నిమిషాలు, ఒక ఎ4 కాగితం, ఎనిమిది వాక్యాలకు మించకూడదు. నమూనా ఇదిగో:

"మేషరాశి వారికి ఆదాయం 2 కొత్త కుర్చీలు, వ్యయం 14 పాస్‌వర్డ్ రీసెట్లు. రాజపూజ్యం 5. అవమానం 7, ఏడును మ్యూట్ తీయక మాట్లాడుటచే కలుగును. చైత్ర వైశాఖములందు ప్రింటరు వక్రించును. జ్యేష్ఠమందు ఏసీ వలన శీతపీడ. పాత సాఫ్ట్‌వేరునకు ఏలినాటి శని నడచుచున్నందున శుక్రవారము సాయంత్రము దానిని ముట్టరాదు."

"వక్రించును", "శీతపీడ" అన్న మాటల్లోనే నవ్వుంది. మామూలు వాడుకభాషలో రాస్తే ఇది ఫిర్యాదుల పెట్టె అవుతుంది. తెలుగు రాయడం రానివాళ్ళు జట్టులో ఉంటే సంగతులు వాళ్ళు చెబుతారు, భాష ఇంకొకరు తొడుగుతారు; ఆ బేరసారాల్లోనే మాట కలుస్తుంది. ఇంకో సంగతి, అంకెలు ఎంత చెడ్డవైతే ఫలం అంత బాగా పండుతుంది. ఆదాయం 14 వచ్చిన జట్టు కాసేపు చప్పగా కూర్చుంటుంది. వాళ్ళకు "ఈ పద్నాలుగూ మీటింగులే" అని అందించండి, దారిలో పడతారు.

కచ్చితమైన నియమం ఒక్కటే: వస్తువు మీద, పద్ధతి మీద రాయాలి, మనిషి మీద కాదు. లిఫ్టు, క్యాంటీన్ సాంబారు, హాజరు యంత్రం ఎంతైనా పడతాయి. ఫలానావారి అప్రైజల్, ఒకరి బరువు, ఒకరి పెళ్ళి, ఆరోగ్యం వద్దు. అందుకే చదివే ముందు నడిపేవాళ్ళు ఆరు కాగితాలూ ఒకసారి చూడాలి. మేనేజరు అందరికంటే చివర, డబ్బాలో మిగిలిన చీటీ తీసుకోవాలి.

సమయం మిగిలితే నవనాయకులు, అంటే ఏడాదికి రాజు, మంత్రి లాంటి తొమ్మిది పదవులు. పంచాంగంలో ఏడాదికి రాజు ఉగాది పడిన వారాన్ని బట్టి వస్తాడు. 2025లో ఆదివారం పడింది కాబట్టి రవి రాజు. మీరు తొమ్మిది చీటీలు వేయండి. మేఘాధిపతి క్లౌడ్ సర్వర్లకు, సస్యాధిపతి కిటికీ దగ్గర కుండీలకు, రసాధిపతి కాఫీ యంత్రానికి, ధరలు చూసే అర్ఘాధిపతి బిల్లులకు. నీరసాధిపతి అంటే పంచాంగంలో లోహాలవంటి ఎండు సరుకులకు అధిపతి. ఆఫీసులో మాత్రం మధ్యాహ్నం మూడింటి మీటింగుకి అని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు చమత్కారం. లోపలికి వచ్చేటప్పుడే తలా ఒక మూసిన కవరు ఇచ్చి, లోపలి ఫలం తమకు ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమనండి. అన్ని కవర్లలోనూ ఉండేది ఒకటే కాగితం. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు ఇలాగే చేశాడు. వాక్యాలు చాలావరకు బజారులో అమ్మే జ్యోతిషం పుస్తకంలోవి. సగటు మార్కు 4.26. వాక్యం రెండువైపులా కోసేలా ఉండాలి: "పదిమందిలో కలివిడిగా ఉన్నా, కొన్నాళ్ళు ఒంటరిగా పనిచేయాలనిపిస్తుంది." "ఈ వారం కొత్త మేనేజరు వస్తారు" లాంటిది ఒక్కటి రాసినా గుట్టు బయటపడుతుంది. పక్కవాళ్ళ కాగితం చూసుకున్నా అంతే, అందుకే మార్కు వేసిన వెంటనే కాగితం మడిచి వెనక్కి తీసుకోండి. చివర్లో సగటు చెప్పి, ఒక కాగితం పైకి చదవండి. "అది నాది కదా" అని గదంతా ఒక్కసారే అంటుంది.

ఇది చివరే ఎందుకంటే, ఆట అయ్యాక రాశిని పట్టుకుని పని పంచేవాళ్ళు ఒకరో ఇద్దరో తయారవుతారు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు అని సాఫ్ట్‌వేర్ రిలీజ్ వాయిదా వేసేవాళ్ళు అన్నమాట. శుక్రవారం రిలీజ్ వద్దనడానికి రాహుకాలం అక్కర్లేదు, శనివారం ఫోనెత్తేవాళ్ళు లేకపోవడం చాలు.

ఊళ్ళు వేరైన జట్లకు, హైదరాబాద్‌లో సగం డల్లాస్‌లో సగం ఉన్నవాళ్ళకు, చిన్న ఆట ఇంకొకటి: ఉద్యోగంలో చేరిన తెలుగు సంవత్సరం పేరు చెప్పడం. పుట్టిన ఏడు అడిగితే వయసు బయటపడుతుంది, చేరిన ఏడుతో ఆ ఇబ్బంది తక్కువ. 2006 ఉగాదితో వ్యయ, 2021తో ప్లవ, అంటే పడవ. శార్వరి అంటే రాత్రి. అది మొదలైన 2020 మార్చి 25నే లాక్‌డౌన్ మొదలైంది. లెక్క ఉగాది నుంచి ఉగాదికి కాబట్టి 2020 ఫిబ్రవరిలో చేరినవాళ్ళు శార్వరి కాదు, వికారి.

డబ్బా ముందు వరుస నుంచి వస్తోంది. తలా ఒక చీటీ తీసుకోండి. వృశ్చికం వచ్చినవాళ్ళు లేచి మేషం వాళ్ళని వెతుక్కోండి.