పిల్లల కార్ సీటు: మార్చడానికి తొందరపడకండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లలు ఎదిగేకొద్దీ కార్ సీటు మార్చక తప్పదు, కానీ మనం తొందరపడి మార్చేస్తున్నాం. వెనక్కి తిరిగి ఉండే సీటు నుంచి ముందుకు చూసే సీటుకి, అందులోంచి బూస్టర్‌కి (అంటే కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లని కాస్త ఎత్తులో కూర్చోబెట్టే సీటు), బూస్టర్ నుంచి ఉత్త బెల్టుకి, ఇలా మార్చిన ప్రతిసారీ బిడ్డకున్న రక్షణ కొంత తగ్గుతుంది. "మావాడు అప్పుడే పెద్ద సీటుకొచ్చేశాడు" అని మురిసిపోవాల్సిన విషయం కాదిది, ఎంత ఆలస్యమైతే అంత మంచిది.

ముందు ఒళ్లో కూర్చోబెట్టుకునే సంగతి చూద్దాం. "నేను గట్టిగా పట్టుకుంటాలేవే" అంటారు అమ్మమ్మలు, నానమ్మలు. వాళ్ల ప్రేమకేం లోటు లేదు, లెక్కే ఒప్పుకోదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్ది సెకనులో పదోవంతులో ఆగిపోయిందనుకోండి, 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో మీ చేతుల్ని దాదాపు 140 కిలోల బరువుతో లాగుతుంది. పహిల్వాను కూడా ఆపలేడు. పైగా 50 అంటే ఔటర్ మీద వేగం కాదు, ఊళ్లో రోజూ పోయేదే. 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఉంది, కానీ జరిమానా కోసం ఎవరూ సీటు కొనరు, కొనకూడదు కూడా.

పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే చాలా పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డకి కారు గుద్దుకున్నప్పుడు ఒళ్లంతా పట్టీల దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం విసురుగా ముందుకు పోతుంది, ఆ భారమంతా మెడ మీద పడుతుంది. అదే వెనక్కి తిరిగి కూర్చుంటే వీపు, మెడ, తల అన్నీ కలిసి సీటులోకి ఒత్తుకుంటాయి. ఈ ఆలోచన స్వీడన్‌లో ప్రొఫెసర్ బెర్టిల్ ఆల్డ్‌మన్‌కి వచ్చింది, అమెరికా వ్యోమగాములు వీపు మీద పడుకుని రాకెట్ లేచేటప్పటి ఒత్తిడిని తట్టుకోవడం చూసి. 1964లో వోల్వో తొలి నమూనాని పరీక్షించింది. అక్కడ ఇప్పటికీ నాలుగేళ్ల దాకా పిల్లల్ని వెనక్కి తిప్పే కూర్చోబెడతారు. యూరప్ కొత్త ప్రమాణం ఆర్ 129 ప్రకారం ముందుకు తిప్పాలంటే కనీసం 15 నెలలు నిండాలి, కనీసం అన్నమాట గుర్తుపెట్టుకోండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమైతే సీటు ఒప్పుకునే ఎత్తూ బరువూ దాటేదాకా తిప్పొద్దంటుంది. "కాళ్లు మడత పడుతున్నాయండీ" అని అందరూ అడుగుతారు. పడనివ్వండి, పిల్లలు ఇంట్లో నేల మీద కూర్చునేదీ అలాగే కదా! ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఎయిర్ బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటు ఎప్పుడూ పెట్టకండి, ప్రాణం మీదకొస్తుంది.

కొనేటప్పుడు "రెండేళ్ల పిల్లకి సీటివ్వండి" అని అడక్కండి. ఇంట్లోనే ఎత్తు, బరువు చూసుకుని వెళ్లండి, సీటు లేబుల్ మీద ఉన్నవాటితో పోల్చండి. మీ కారు వెనక సీటు వీపు కిందిభాగంలో, సందులోకి వేళ్లు పోనిచ్చి చూడండి, ఇనుప కడ్డీలు తగిలితే అవే ఐసోఫిక్స్, అంటే బెల్టు లేకుండా పిల్లల సీటుని నేరుగా కారుకి తగిలించే ఏర్పాటు. లేకపోయినా బెంగక్కర్లేదు, బెల్టుతో సరిగ్గా బిగిస్తే అదీ భద్రమే. బిగించాక బెల్టు పోయే చోట సీటు పట్టుకుని ఊపండి, అంగుళం కంటే ఎక్కువ కదిలిందంటే మళ్లీ బిగించాల్సిందే. చిన్న కార్లలో వెనక్కి తిరిగిన సీటు పెడితే ముందు కూర్చునేవాళ్లకి చోటు తగ్గుతుంది, అందుకే కొనకముందే మీ కారులోనే పెట్టి చూడండి, కుదరదన్న షాపులో కొనకండి.

పట్టీలు చూడండి. వెనక్కి తిరిగినప్పుడు అవి భుజాల ఎత్తులో గానీ కాస్త కిందుగా గానీ రావాలి, ముందుకు తిప్పాక భుజాల ఎత్తులో గానీ కాస్త పైన గానీ. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లండి, మడత చేతికొచ్చిందంటే వదులుగా ఉన్నట్టు. దళసరి స్వెట్టరు మీద పట్టీ వేయొద్దు. ఎండాకాలం బకిల్ కాలిపోతుంటుంది, వేసే ముందు చేత్తో ముట్టుకుని చూడండి.

బూస్టర్‌ని చాలామంది ఆరేడేళ్లకే తీసేస్తారు, నాకు ఎక్కువ భయం అక్కడే. బూస్టర్ లేకుండా పిల్ల వీపు ఆనించి కూర్చున్నప్పుడు మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, కింది బెల్టు పొట్ట మీద కాకుండా తొడల పైభాగంలో ఉండాలి, పైబెల్టు మెడని కోయకుండా భుజం మధ్యలోంచి పోవాలి, నిద్రపోయినా అలాగే ఉండాలి. ఇది చాలామందికి 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా కుదరదు, అంటే పదీ పన్నెండేళ్లు. నడుము బెల్టు మాత్రమే ఉన్నచోట బూస్టర్ అసలు వాడకండి.

అమెరికా నుంచి అక్కావాళ్లు పంపిన పాత సీట్లు చాలా ఇళ్లలో ఉంటాయి. సీటు అడుగున గడువు తేదీ ఉందేమో చూడండి, ఎప్పుడైనా ప్రమాదంలో పడిందా అని మొహమాటపడకుండా అడగండి. జవాబు తెలియకపోతే ఆ సీటు వద్దు.

కారులో సీటు బిగించి తెచ్చినవాళ్లు కిందికి పార్కింగ్‌లోకి రండి, ఒక్కొక్కటీ ఊపి చూద్దాం.