మస్టరులో పేరు లేనివారి తరఫున సంతకం ఎవరిది?

వ్యాఖ్యాత: నమస్కారం. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనూ, ఒంగోలు పరిసరాల పాలిషింగ్ యూనిట్లలోనూ కూలి రేట్లపై కుదిరే ఒప్పందాలు ఎవరికి వర్తిస్తాయన్నది నేటి చర్చాంశం. ముందుగా విశ్రాంత కార్మిక అధికారి గారు.

అధికారి: క్వారీ గనుల కిందికి వస్తుంది కనుక అక్కడి వివాదం కేంద్ర కార్మిక శాఖకు వెళ్తుంది. అదే రాయిని కోసి మెరుగుపెట్టే ఫ్యాక్టరీలో తగాదా వస్తే రాష్ట్ర కార్మిక శాఖ చూస్తుంది. ఇక ఒప్పందం సంగతి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే కార్మిక శాఖ అధికారి (రాజీ అధికారి) సమక్షంలో 12(3) సెక్షన్ కింద కుదిరిన ఒప్పందం ఆ సంస్థలోని కార్మికులందరికీ, తర్వాత చేరేవారికి కూడా వర్తించేది. యజమాని, సంఘం తమలో తాము రాసుకున్నది మాత్రం ఆ పక్షాలకే పరిమితమయ్యేది. దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ తేడా ఉంది.

యజమాని: మా ఇబ్బంది వేరండీ. ఒక సంఘంతో రేటు తేల్చుకుని వచ్చేసరికి రెండో సంఘం సమ్మె నోటీసుతో గేటు దగ్గర ఉంటుంది. 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘమే యజమానితో చర్చించే ఏకైక సంప్రదింపుల సంఘమని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఆ కోడ్ చెప్పడం నాకు ఊరటగానే ఉంది.

సంఘ ప్రతినిధి: 51 శాతం దేనిలోనండీ? సంస్థ మస్టరు రోల్‌లో, అంటే సంస్థ సొంత హాజరు పట్టీలో. పాలిషింగ్ మిషను ముందు తడి బురదలో నిలబడి పలకను తిప్పే కుర్రవాడు ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చినవాడు. అతనికి చదరపు అడుగుకింత అని కాంట్రాక్టరు లెక్క కడతాడు, పేరు కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది. ఉదాహరణకు మస్టరులో 40 మంది, బయట 100 మంది ఉన్నారనుకుందాం. 21 మంది మద్దతున్న సంఘం చేసే సంతకంలో ఆ 100 మంది మాట ఎక్కడుంది?

వ్యాఖ్యాత: ఏ సంఘానికీ 51 శాతం లేకపోతే?

అధికారి: 20 శాతానికి తగ్గకుండా మద్దతున్న సంఘాలతో సంప్రదింపుల మండలి ఏర్పడుతుంది. అయితే లెక్క ఆ మస్టరుపైనే. కాంట్రాక్టు కార్మికుల విషయంలో 1970 చట్టం కింది నిబంధనల్లో ఒక మంచి షరతు ఉండేది: సంస్థ కార్మికులు చేసే పనినే, లేదా దానివంటి పనినే చేసేవారికి కాంట్రాక్టరు అదే వేతనం ఇవ్వాలి. దాన్ని పట్టుకుని అడిగినవారు నా ఉద్యోగ కాలంలో బహు తక్కువ.

యజమాని: కాంట్రాక్టరును కూడా చర్చలకు పిలిస్తే నాకు అభ్యంతరం లేదు. రేటు పెరిగితే బిల్లు చివరికి నాకే వస్తుంది కదా.

సంఘ ప్రతినిధి: ఆ మాట ఒప్పందంలో రాయండి. ఈసారి మా కోర్కెల పత్రంలో కాంట్రాక్టరును మూడో పక్షంగా చేరుస్తాం, రాజీ అధికారి ఎదుటే సంతకాలు చేద్దాం.

అధికారి: చేర్చండి. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని ఆ 1970 చట్టంలోని 21వ సెక్షనే చెప్పేది కనుక, ఆ షరతునూ ఒక క్లాజుగా పెట్టుకుంటే తర్వాత వాదించే పని తగ్గుతుంది.