ఇర్వింగ్ జీతం ఫ్రిస్కోకి వెళ్లిపోయిందా?

[తెర మీద: డాలస్ చుట్టుపక్కల మ్యాప్. ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో వైపు బాణం]

"డాలస్ కౌంటీ ఆదాయం పక్కనున్న కాలిన్ కౌంటీకి తరలిపోతోంది." ఈ మాట వినగానే సొమ్మంతా లారీలకెత్తి పట్టుకుపోయినట్టు అనిపిస్తుంది. అసలు ఈ లెక్క ఎలా తీస్తారో చూద్దాం.

అమెరికాలో కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా. అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్, ఒకే మనిషి వరుసగా రెండేళ్లు వేసిన రిటర్నులు తీసి అడ్రసులు సరిచూస్తుంది. కౌంటీ మారితే వలస. ఒక రిటర్ను అంటే ఒక కుటుంబం. అందులో చూపిన ఆదాయమంతా ఆ కుటుంబంతో పాటే కొత్త కౌంటీ ఖాతాలో పడుతుంది.

[తెర మీద: అపార్ట్‌మెంట్ బొమ్మ, పక్కన ఇల్లు]

డాలస్ కౌంటీలో ఉన్న ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో అద్దెకుండే ఒక తెలుగు కుటుంబాన్ని తీసుకోండి. పిల్లలు పెద్దవుతున్నారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే బెడ్‌రూమ్‌లు చాలవు. ఫ్రిస్కోలో ఇల్లు కొన్నారు. కాలిన్ వైపు ఫ్రిస్కోలోనే అనుకోండి, ఎందుకంటే ఆ ఊరి పడమటి భాగం డెంటన్ కౌంటీలో ఉంది! ఏడాదికి 1,80,000 డాలర్ల ఆదాయం అనుకుందాం. కాగితం మీద డాలస్ కౌంటీకి అంతా నష్టమే. కానీ ఇంటాయన ఉద్యోగం ఇంకా ఇర్వింగ్‌లోని లాస్ కొలినాస్‌లోనే, జీతమిచ్చే ఆఫీసూ అదే. పైగా టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. నిజంగా చోటు మారింది ఇంటి పన్ను, అందులో స్కూళ్లకు వెళ్లే వాటా, వారాంతపు సరుకుల ఖర్చు.

ఇంకో తిరకాసు. డాలస్ నుంచి కాలిన్‌కి 100 కుటుంబాలు, తలా 1,20,000 డాలర్ల ఆదాయంతో వెళ్లాయనుకుందాం. ఇటు 120 కుటుంబాలు 70,000 చొప్పున వచ్చాయి. డాలస్‌కి 20 ఇళ్లు పెరిగాయి, ఆదాయం మాత్రం 36 లక్షల డాలర్లు తగ్గింది. హెడ్‌లైన్ రాసేవాళ్లు ఈ రెండిట్లో తమకు కావలసింది ఏరుకుంటారు. నన్నడిగితే, ఒక్క నికర అంకె చూపించి ఊరుకునే గ్రాఫ్‌ని నమ్మొద్దు.

రిటర్ను వేయనివాళ్లు ఈ లెక్కలోకి రారు. నిన్నగాక మొన్న హైదరాబాద్ నుంచి దిగినవాళ్లూ రారు, పోల్చడానికి కిందటేడు రిటర్ను ఉండదు కదా.

[తెర మీద: కాలిన్ జనాభా. 2010: 7,82,341. 2020: 10,64,465]

ఇంత పెరిగిన కాలిన్‌లోనే, పిల్లలు తగ్గిపోయారని ప్లానో ఊరి ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ 2024లో నాలుగు స్కూళ్లు మూసేయాలని తీర్మానించింది. అదే కౌంటీలోని ప్రిన్స్‌టన్ మాత్రం, వచ్చే జనానికి నీళ్లూ రోడ్లూ సరిపోక, అదే ఏడాది కొత్త ఇళ్ల పర్మిట్లు కొన్నాళ్లు ఆపేసింది. ప్లానోలో ఇల్లమ్మి ప్రిన్స్‌టన్‌కి మారిన కుటుంబం ఐఆర్‌ఎస్ ఫైల్లో 'కదలని' కుటుంబమే, కౌంటీ మారలేదు కాబట్టి.