అతుకు తలలోనా, తోకలోనా?

అందరికీ నమస్కారం. ఇవాళ్టి సంగతి ఇంగ్లీషు వాక్యంలో ముక్కల్ని కలిపే అతుకు మాటలు, ఉపోద్ఘాతం లేకుండా నేరుగా బోర్డు దగ్గరికే వెళ్తాను. పోయిన వారం ఫైనల్ ఇయర్ అమ్మాయి ఒకరు, ప్రాజెక్టు గడువు పెంచమని లెక్చరర్‌కి పంపబోయే మెయిల్ నాకు చూపించింది. పేరు చెప్పను గానీ, ఆ వాక్యం వాడుకోవడానికి తనే ఒప్పుకుంది. ఇదిగో: "ఆల్దో ఐ కంప్లీటెడ్ ది వర్క్ బట్ బికాజ్ ఆఫ్ మై ల్యాప్‌టాప్ ఈజ్ నాట్ వర్కింగ్ సో ఐ కాంట్ సబ్‌మిట్ టుడే."

అన్నీ మనకు తెలిసిన మాటలే, స్పెల్లింగులూ సరిగ్గానే ఉన్నాయి, అయినా చదువుతుంటే మధ్యలో కాళ్ళకు ఏదో అడ్డం పడుతుంది. పని పూర్తయింది, ల్యాప్‌టాప్ పనిచేయట్లేదు, ఇవాళ ఇవ్వలేను. మూడు ముక్కలు. మూడు ముక్కల్ని కలపడానికి రెండు అతుకులు చాలు. ఇక్కడ ఆల్దో, బట్, బికాజ్ ఆఫ్, సో అని నాలుగున్నాయి.

ఇది చూసి "ఆ పిల్లకి గ్రామర్ రాదు" అని తేల్చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఒప్పుకోను. తెలుగు బాగా వచ్చు కాబట్టే అలా రాసింది. ఎలాగో చూడండి. అదే మాట తను ఇంట్లో ఎలా చెబుతుంది? "పని పూర్తి చేసినా ల్యాప్‌టాప్ పనిచేయక ఇవ్వలేకపోతున్నాను." ఇందులో విడిగా నిలబడిన కంజంక్షన్ ఒక్కటైనా ఉందా? లేదు. "చేసినా" చివరి దీర్ఘంలో ఆల్దో ఉంది, "పనిచేయక" చివర బికాజ్ ఉంది. అతుకు క్రియ తోకలో దాక్కుంది. క్త్వార్థకం, చేదర్థకం, అప్యర్థకం అని బడిలో మార్కుల కోసం బట్టీ పట్టామే, అవే ఇవి. "పొద్దున్నే లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, ఏడింటి బస్సెక్కి కాలేజీకి వచ్చాను" అంటే ఐదు పనులు ఒకే వాక్యంలో సర్దుకున్నాయి, సమాపక క్రియ మాత్రం ఒక్కటే. చివరికి అండ్ కూడా మనకు దీర్ఘమే: "అమ్మా నాన్నా వచ్చారు" అంటాం. "అమ్మ మరియు నాన్న వచ్చారు" అని ఎవరి ఇంట్లోనూ అనరు.

ఇంగ్లీషులో అలా కాదు. అక్కడ అతుకు విడి మాట, పైగా అది కలపబోయే ముక్క తలమీద కూర్చుంటుంది. మనం ఏం చేస్తామంటే, తల దగ్గర ఆల్దో పెట్టేసి, ముక్క అయిపోయేసరికి అలవాటు కొద్దీ తోక దగ్గర కూడా ఏదో ఉండాలనిపించి బట్ పెడతాం. తెలుగు దీనికి ఒప్పుకుంటుంది కూడా. "ఎంత చదివినా కానీ గుర్తుండట్లేదు", "రాలేదు, ఎందుకంటే వర్షం పడింది కాబట్టి" అని రోజూ అంటూనే ఉంటాం, ఎవరికీ తప్పనిపించదు. ఇంగ్లీషులో మాత్రం ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఆల్దో ఉంటే బట్ వద్దు, బికాజ్ ఉంటే సో వద్దు. మీరు రాసినదాంట్లో ఈ ఒక్కటి సరిచూసుకున్నా సగం చిక్కులు విడిపోతాయి, ఇది నేను ఇన్నేళ్ళుగా కాగితాలు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను.

బికాజ్‌కీ బికాజ్ ఆఫ్‌కీ తేడా మీకు తెలుగులోనే ఉంది. "వర్షం వల్ల" అంటాం, "వర్షం పడింది వల్ల" అనం, "వర్షం పడింది కాబట్టి" అంటాం. బికాజ్ ఆఫ్ అంటే వల్ల, దాని పక్కన నామవాచకం రావాలి. బికాజ్ అంటే కాబట్టి, దాని పక్కన క్రియతో పూర్తి ముక్క రావాలి. అంతే.

ఇక "అని" సంగతి. దీని వల్ల నాకు స్వయంగా దెబ్బ తగిలింది, అందుకే కాస్త ఎక్కువసేపు చెబుతాను. హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్లయింట్ ఫోన్ చేసి "రేపు నేనే వస్తాను, మీ మేనేజర్‌కి చెప్పండి" అన్నారు. మేనేజర్‌కి తెలుగు రాదు. నేను వెళ్ళి "సర్, హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో" అన్నాను. ఆయన సరేనని తలూపి, మర్నాడు పొద్దున్నే నన్ను క్యాబ్ ఎక్కించి ఆ క్లయింట్ ఆఫీసుకి పంపించేశారు. నేను వాళ్ళ గేటు దగ్గర నిలబడి ఉన్న టైముకి క్లయింట్ మా ఆఫీసులో కూర్చుని ఉన్నారు. తప్పు ఎక్కడ జరిగింది? "వస్తానని అన్నాడు" అంటే ఆ "వస్తాను" అన్నవాడిదే అని తెలుగులో చిన్నపిల్లలకైనా తెలుసు, ఎందుకంటే మన "అని" అవతలివాడి మాటను వాడి నోట్లో ఉన్నట్టే ఉంచుతుంది. దట్ అలా ఉంచదు. దట్ తర్వాత ఐ వస్తే అది మాట్లాడుతున్న నేనే. "హి సెడ్ దట్ హి వుడ్ కమ్ టుమారో" అని ఉంటే నాకు ఆ తిప్పలు ఉండేవి కావు.

అన్‌లెస్ అంటే "కాకపోతే", అందులో "కాదు" ముందే ఉంది, మళ్ళీ డోంట్ చేర్చొద్దు. "రేపు వర్షం పడితే"కి ఇఫ్ ఇట్ రెయిన్స్ చాలు, అక్కడ విల్ పెట్టకండి.

చిన్న మాటలే కదా అని వీటిని తేలిగ్గా తీసుకునేవాళ్ళకి నేను ఒక కేసు చెబుతుంటాను. అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ అనే పాల కంపెనీ మీద డ్రైవర్లు ఓవర్‌టైమ్ డబ్బుల కోసం కేసు వేశారు. ఏ పనులకు ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో చట్టంలో వరసగా రాసి, చివర్లో "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అన్నారు. ఆ ఆర్ దేన్నీ దేన్నీ కలుపుతోంది? షిప్‌మెంట్‌నీ డిస్ట్రిబ్యూషన్‌నీ అయితే రెండింటికీ ముందున్నది ప్యాకింగే, అంటే మినహాయింపు ప్యాకింగ్ పనికే. అలా కాక ప్యాకింగ్ ఒక పని, డిస్ట్రిబ్యూషన్ ఇంకో పని అయితే సరుకు చేరవేసే డ్రైవర్లకు ఓవర్‌టైమ్ పోయినట్టే. ఆర్ ముందు కామా లేదు. రెండు రకాలుగానూ అర్థం చేసుకోవచ్చని 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు మొగ్గింది, మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది తప్పు అతుకు కాదు, ఏ అతుకో తేల్చుకోకుండా ప్రతిచోటా అండ్ పెట్టేయడం. ఇంటర్వ్యూలో ఒకబ్బాయి "ఐ లెఫ్ట్ ది జాబ్ అండ్ మై ఫాదర్ వాజ్ ఇల్" అన్నాడు. నాన్నకు బాగోలేదు కాబట్టి మానేశాడా? బాగోలేనప్పుడు, వేరే కారణంతో మానేశాడా? ఎదుటివాళ్ళు ఊహించుకోవాలి, ఇంటర్వ్యూలో అంత ఓపిక ఎవరికీ ఉండదు. అక్కడ బికాజ్ ఉంటే ఆ అబ్బాయి ఇంటి కోసం నిలబడ్డవాడని ఒక్క ముక్కలో తెలిసిపోయేది. ఆ సంబంధం అతని మనసులో స్పష్టంగానే ఉంది, నోటిదాకా రాలేదు. అందుకే రాసేముందు ఆ రెండు ముక్కల్నీ ఒకసారి తెలుగులో అనుకోండి: కాబట్టి అంటున్నానా, అయినా అంటున్నానా, అప్పుడు అంటున్నానా? అది తేలాక ఇంగ్లీషు మాట ఒక్కటి, ఒకేచోట పెట్టండి.

మన మెయిల్ దగ్గరికి వద్దాం. ఆ అమ్మాయి చివరికి పంపింది ఇది: "ఐ హావ్ కంప్లీటెడ్ ది వర్క్, బట్ ఐ కాంట్ సబ్‌మిట్ ఇట్ టుడే బికాజ్ మై ల్యాప్‌టాప్ ఈజ్ నాట్ వర్కింగ్." బట్ ఒకటి, బికాజ్ ఒకటి. రెండు రోజుల గడువు దొరికింది.

ఇప్పుడు కాగితాలు తీయండి. ఇవాళ పొద్దున లేచినప్పటి నుంచి ఇక్కడికొచ్చేదాకా జరిగింది ఆరు వాక్యాల్లో రాయండి, అండ్ మొత్తం మీద రెండుసార్లు మించకూడదు. పది నిమిషాలు టైము. నేను బెంచీల మధ్య తిరుగుతుంటాను, ఎక్కడ ఆగిపోతే అక్కడ చెయ్యెత్తండి.